తిప్పి ఆగే మేడమ్

తొంభైల్లో దోహాలో, ఆసుపత్రిలో కొత్త ఇంజినీరుగా, కేన్సర్ చికిత్స యంత్రంలో దారి తప్పిన కిరణాన్ని దారిలో పెట్టబోయి నేనే దారి తప్పాను. దాన్ని సర్దే అయస్కాంతాల నాబ్‌లన్నీ ఒకేసారి తిప్పేశాను. బయట ఒక హైదరాబాదీ పెద్దాయన చికిత్స కోసం కూర్చుని ఉన్నారు.

మా పై ఇంజినీరు, కాకినాడ మేడమ్ వచ్చి చూశారు. "సరిచేస్తున్నావా అబ్బాయ్, మజ్జిగ చిలుకుతున్నావా?"

అన్నీ మొదటికి తెచ్చి, ఒకే నాబ్ వెంట్రుకవాసి తిప్పి, చేతులు కట్టుకున్నారు.

"ఇంకొంచెం తిప్పనా మేడమ్?"

"ఆగవయ్యా. అదేమంటుందో విననీ."

మీటరు ముల్లు కుదురుకున్నాకే రెండోది ముట్టుకున్నారు. పెద్దాయనకు ఆ పూటే చికిత్స అందింది.

మరుసటి వేసవి ఆవిడ సెలవులో ఉండగా కిరణం మళ్ళీ పక్కకు జరిగింది. ఓపిగ్గా నేనే కుదిర్చాను. తిరిగొచ్చాక ఆవిడ తప్పు పట్టాలని పూటంతా కొలిచి, ఏమీ దొరక్క చిన్నబోయారు. ఓదార్పుగా పాలు లేని సులేమానీ చాయ్ తెచ్చిచ్చాను.