ఖాళీ ఇంటి కమీషను

1968 నాటికి నేను విజయనగరంలో జూనియర్ ప్లీడరుగా చేరి ఏడాది దాటింది. అప్పటిదాకా వాయిదాలు అడగడం, సీనియరు గారి కాగితాల కట్టలు మోయడం తప్ప ఒక్క సాక్షినీ ప్రశ్నించి ఎరగను. ఆ వేసవిలో ఆయన పక్క కోర్టులో ఒక పెద్ద దావాలో ఇరుక్కుపోయి, రెంట్ కంట్రోలరు ముందున్న చిన్న కేసు నా నెత్తిన పడేశారు. ఆయనకది చిన్నదే. నాకు మాత్రం ముందు రోజంతా అన్నం సయించలేదు.

రెంట్ కంట్రోలరంటే ఇంటి యజమానికీ అద్దెకున్నవారికీ మధ్య తగాదాలు తేల్చే అధికారి. ఇల్లు ఖాళీ చేయించాలంటే యజమాని ఆయన ముందు పిటిషను వేసి, చట్టం ఒప్పుకునే కారణం ఏదో ఒకటి రుజువు చేయాలి. మా కేసులో చూపిన కారణం, బుద్ధిపూర్వకంగా అద్దె ఎగ్గొట్టడం. యజమాని జగన్నాథం గారు కిరాణా వర్తకుడు, అందరూ శెట్టిగారనేవారు. అద్దెకున్నది మా కక్షిదారు పైడితల్లి. ఆడపిల్లల బడి ఎదురుగా, ముందు గదిలో మిషను వేసుకుని పరికిణీలూ జాకెట్లూ కుట్టేది. ఆ బడి ముందు నుంచి కదిలితే ఆమె బేరం పోయినట్టే. భర్త జూట్ మిల్లు జీతం ఒక్కటీ ఇల్లు గడపడానికి చాలదు.

నిజానికి ఆమె అద్దె ఎగ్గొట్టలేదు. జగన్నాథం గారి ఇళ్ల అద్దెలు వసూలు చేసేది అప్పలస్వామి అనే బ్రోకరు. ఆమె ఇంట్లో దిగిన రోజునే అతను ఆమె దగ్గర ఒక నెల అద్దె కమీషనుగా తీసుకున్నాడు. ఏడాది తిరిగాక ఆమె చేతికిచ్చిన అద్దెను మళ్లీ కమీషను కింద జేబులో వేసుకుని, ఆ నెల అద్దె ముట్టలేదని యజమానికి చెప్పాడు.

"ఇల్లు సూపించినందుకు ఒక పాలి ఇచ్చినాను గదా బాబూ! ఉంటన్నందుకు కూడా ఇయ్యాలేటి?" అని పైడితల్లి నన్ను నిలదీసింది, తీసుకున్నది నేనైనట్టు.

సీనియరు గారు రాజీ పడమన్నారు. ఆ కాస్తా మళ్లీ కట్టేస్తే గొడవ వదులుతుందని ఆయన సలహా. ఆమె ససేమిరా అంది. "ఈయేడు కడితే వొచ్చే ఏడూ కట్టాల. నాను కట్టను." ఆ మాట వినగానే నాకెక్కడ లేని హుషారూ వచ్చింది.

విచారణనాడు అప్పలస్వామి ఇస్త్రీ కండువా వేసుకుని బోనెక్కాడు. సాక్షిని పిలిచిన పక్షం ప్లీడరు ముందు అడుగుతాడు, తరవాత ఎదుటి పక్షం ప్లీడరు అడుగుతాడు. ఈ రెండోదే క్రాసు. వారి ప్లీడరు అడిగినప్పుడు అతను చక్కగా చెప్పాడు: తాను ఎవరి మనిషీ కాదు, పైడితల్లికి ఇల్లు కుదిర్చాడు, ఆమె ఇచ్చినది తన కూలి, అద్దెకూ దానికీ సంబంధం లేదు. కంట్రోలరు గారు తల పంకిస్తూ రాసుకున్నారు.

లేచి నిలబడ్డాను. కమీషను సంగతి ఎత్తలేదు. మీ పనిలో కష్టమేమిటని అడిగాను. అంతే, అతని మొహం వెలిగిపోయింది.

"నా కాడికి రోజూ ఎంతమందో వస్తారు బాబూ. అందరికీ ఇచ్చేస్తానేటి? నూతి కాడ తగువులాడే వోళ్లని శెట్టిగారి గుమ్మం తొక్కనిస్తానా? ఈ పైడితల్లిని కూడా గజపతినగరం ఎల్లి, ఆళ్ల వీధిలో వాకబు సేసినాకే ఎట్టినాను."

వాకబు చేయమని పైడితల్లి అడిగిందా అన్నాను. జనం నవ్వారు. అతనికి నవ్వెందుకో అర్థం కాలేదు.

"ఆవిడెందుకడుగుతాది? శెట్టిగారి కొట్టు కాడికి ఎల్తే ఆరే నా కాడికి పంపినారు."

తాను ఎవరి మనిషో అతని నోటే వచ్చేసింది. ఇక కూర్చోవలసింది. కానీ ఆనందం పట్టలేక ఇంకొకటి అడిగేశాను: ఆ ఇంట్లో పైడితల్లికి ముందు ఎవరుండేవారు?

"శానామంది. మూడేళ్లలో మూడుసార్లు ఖాళీ సేయించినాను, మూడుసార్లూ వారం తిరక్కుండా నింపినాను. అడగండి శెట్టిగారిని!"

ప్రతిసారీ కొత్తవాళ్ల దగ్గర కమీషను పుచ్చుకున్నారా అన్నాను. ఊరికే తిరుగుతానా అన్నాడు. జగన్నాథం గారు బల్ల మీంచి లేచి నిలబడ్డారు. "ఒరే అప్పలస్వామీ! ఆళ్లంతా అద్దె సరిగా ఇయ్యటం లేదని గదరా నాతో సెప్పినావు?" బంట్రోతు ఆయన్ని కూర్చోబెట్టడానికి నానా తంటాలూ పడ్డాడు.

పిటిషను కొట్టేశారు. బ్రోకరు యజమాని మనిషి కనుక అతని చేతికిచ్చినది యజమానికి ముట్టినట్టే, కూలి ఏమైనా ఉంటే తనను పనిలో పెట్టినవారినే అడుక్కోవాలి అన్నది ఆ తీర్పు సారాంశం. నేను అరుగు మీద ఎగిరి గంతేయకుండా ఉండడానికి కష్టపడ్డాను. పైడితల్లి మాత్రం బడి తెరిచే లోపు కుట్టవలసిన పరికిణీలు ఉన్నాయంటూ చరచరా వెళ్లిపోయింది.

ఆ తరవాత వకీలుగా ఉన్నన్నాళ్లూ బ్రోకర్లు అద్దెకు దిగేవారి దగ్గర రుసుము తీసుకోవచ్చా అని చాలామంది అడిగారు. ఇల్లు వెతికిపెట్టమని పంపినవారు ఇచ్చుకోవడంలో నాకేమీ తప్పు కనిపించదు. యజమాని పని చేసి, కూలి అద్దెదారు దగ్గర పుచ్చుకోవడమే తప్పు. అది న్యాయమా కాదా అన్నది అటుంచితే, ఆ పద్ధతిలో ఒక ప్రమాదం ఉందని ఆ రోజు తెలిసింది. కొత్తగా దిగేవాళ్ల రుసుము మీద బతికేవాడికి, ఉన్నవాళ్లు కుదురుగా ఉంటే రాబడి లేదు.