పెద్దబాపు పాటకు వేసిన తాళం

సంగీత కంపెనీవారికి మోకాళ్లూని క్షమాపణ చెప్పుకుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా పెద్దబాపు పోయిన మంగళవారం దవాఖానలో కన్నుమూశాడు. సమాధి దగ్గర మట్టెవాడ, వర్ధన్నపేట, పరకాల జనమంతా కలిసి ఆయన కట్టిన పాటను ఆయన కోసమే పాడారు. కంపెనీ అనుమతి అడగలేదు. ఏడుపులో మరిచిపోయాం. ఘోరం జరిగిపోయింది.

మా నాన్నకు అన్నయిన పెద్దబాపు మా చర్చిలో పాటలు నేర్పేవాడు. సొంతంగా పాట కట్టి, ఫోన్‌లో పాడి, మెమరీ కార్డుల్లోకి ఎక్కించి ఊరూరికీ పంచేవాడు. ఆ ఊళ్లవాళ్లు ఒక్కో చరణం ఆపి ఆపి వింటూ నేర్చుకునేవారు. ఎవరైనా తప్పు పాడితే కోప్పడేవాడు కాదు. "దేవునికైతే అర్థమైతది. జర మనుషులకు గూడ అర్థమయ్యేటట్టు పాడుండ్రి" అనేవాడు.

మూడేళ్ల కిందట ఆయన పాట ఒకటి ఒక కంపెనీ యాప్‌లోకి వెళ్లింది. ఇక దాన్ని కార్డులోకి ఎక్కించడం కుదరదు, ఆ యాప్‌లోనే వినాలి. ఊళ్లలో సిగ్నల్ అంతంతమాత్రం, పాట పల్లవి దాటదు. ఇంకో కంపెనీ యాప్‌లో ఎవరైనా దించుకోవచ్చని తెలిసి, పెద్దబాపు అదే పాట కొత్తగా పాడి అందులో పెట్టాడు. మర్నాటికే తీసేశారు. కాపీ అని మొదటి కంపెనీ ఫిర్యాదు చేసిందట.

ఆయన వాళ్లకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో అందరం విన్నాం.

"సర్, ఆ పాట హక్కులు మావి. మీ ఫోన్ నుంచే ఒప్పుకున్నారు."

"పాడింది నేనే బిడ్డా."

"ఒరిజినల్ మీ దగ్గరుందా సర్?"

"నీతోని మాట్లాడుతాంది అదే గద!"

పెద్దమ్మ పడీపడీ నవ్వింది. "నిన్ను నువ్వే కాపీ కొట్టినవా? ఈ వయసుల ఇదేం బుద్ధయ్యా!"

పెద్దబాపు నవ్వలేదు. "నేనే యాడనో వేలు పెట్టిన్నేమో" అని తనను తానే తిట్టుకున్నాడు. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు. గట్టిగా పాడొద్దని డాక్టర్ చెప్పాడు. అయినా ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్లి, దగ్గుకుంటూ, నోటితోనే ఆ పాట నేర్పాడు. "ఇగ దీనికి తాళం యాడ ఏస్తరో నేనూ సూస్త" అన్నాడు.

సమాధి దగ్గర మేం పెట్టిన లైవ్ వీడియోకు శబ్దం తీసేశారు. అక్కడ నిలబడ్డవాళ్ల గొంతులు మాత్రం తగ్గలేదు. కంపెనీవారు కేసు పెట్టదలిస్తే ఆ ఊళ్లన్నిటి మీదా పెట్టుకోవచ్చు. నేను పాడలేదు.

నేను చేసింది ఒక్కటే. పాటను యాప్‌లో పెట్టిన రోజు, ఆయన ఫోన్ నా చేతిలో ఉంది. తెర మీద షరతులు బారెడు వచ్చాయి. "ఆగురా, సదువుదాం" అంటూ పెద్దబాపు కళ్లద్దాలు తీసి అంగీ అంచుతో తుడుచుకుంటున్నాడు. ఆయన వాటిని మళ్లీ పెట్టుకునేలోపే, 'అంగీకరిస్తున్నాను' అని నేను నొక్కేశాను.