వడగట్టిన సముద్రం

నా చదువేమిటో మా ఇంట్లో ఎవరికీ అంతుబట్టేది కాదు. నాన్న పోర్టులో ఉద్యోగం దొరికి గోదావరి జిల్లా నుంచి వచ్చి విశాఖపట్నం కంచరపాలెంలో స్థిరపడ్డ మనిషి. సముద్రమంటే ఆయనకు ఓడలు, అమ్మకు చేపలు. నేనేమో కంటికి కనిపించని జీవుల కోసం ఉప్పునీళ్లు మోసేదాన్ని. “తాగడానికైనా పనికిరావు, ఎందుకే అవి?” అనేది అమ్మ.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. హార్బర్‌లో ఒక చేపల బోటు అద్దెకు తీసుకుని సముద్రం లోపలికి వెళ్లేవాళ్లం. తోడిన నీళ్లను యూనివర్సిటీ ల్యాబుకు తెచ్చి, పల్చటి తెల్ల కాగితం గుండా వడగడితే దాని మీద లేత గోధుమరంగు మరక మిగిలేది. మాకు కావలసింది ఆ మరకే. అందులోని సూక్ష్మజీవుల డీఎన్ఏ తీసి చదివిస్తే, వచ్చిన అక్షరాల్లో చాలా భాగం లోకంలో పేరున్న ఏ జీవితోనూ కలిసేవి కావు. మొదట్లో నాకది గర్వంగా ఉండేది. పోనుపోను ఆ సీసాల పక్కన ఒంటరిగా కూర్చుంటే ఎవరో నన్ను చూస్తున్నట్టుండేది.

మా వీధికి చేపలు తెచ్చే ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె భర్త వేటకెళ్లి తిరిగి రాలేదు. బోటు తిరగబడిందని తోటివాళ్లు చెప్పారు గానీ మనిషి దొరకలేదు. ఆమె అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. శవం దొరకనప్పుడు, సముద్రం ఆ మనిషిది ఏదో ఒకటి తిరిగి ఇచ్చేదాకా దినం చెయ్యరు. చొక్కా పీలికైనా చాలు. అందాకా ఆమె గాజులూ బొట్టూ ఎవరూ ముట్టుకోరు.

మేం అద్దెకు తీసుకునే బోటులో నీళ్లు తోడేది ఆమె మరిది. నేను సముద్రాన్ని ఎంత సన్నగా వడగడతానో అతనే ఇంట్లో గొప్పగా చెప్పాడట. ఇంకేముంది, పెద్దవాళ్లు తీర్మానించేశారు: ఆ అమ్మాయి నీళ్లలో మనిషిది ఏదైనా తేలితే సముద్రం ఇచ్చినట్టే లెక్క. నన్నొక మాట అడిగినవాళ్లు లేరు. ఒకామె బొట్టు తీసుకెళ్లి నా కాగితం మీద పెడతారా? నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పటినుంచి ఆమె గంప దించగానే, బేరం కన్నా ముందు నావైపు చూసేది.

“ఏటైనా దొరికిందేటి సెల్లీ?”

“ఏమీ లేదక్కా.”

“నేదు కదా!” అని గట్టిగా ఊపిరి వదిలి, కొసరుగా గుప్పెడు చిన్న కవళ్ల చేపలు వేసేది.

ఒకరోజు మా అరుగు మీద కూర్చుని సూటిగా అడిగేసింది.

“సముద్రంలో పడిపోయిన మడిసి ఏటైపోతాడు?”

మాటలకు చక్కెర అద్దడం నాకు చేతకాదు. చేపలు వదిలేసిన దాన్ని నేను చదివే జీవులే విడగొడతాయని చెప్పాను. ఒంట్లోని కర్బనం కొంత వాటి ఒళ్లవుతుంది. చాలా భాగం వాటి ఊపిరై నీళ్లలో కలిసి, మెల్లగా మనం పీల్చే గాలిలోకి లేస్తుంది. మిగిలిన ఏ కాస్తో నుసిలా రాలుతూ అడుక్కి చేరి, వేల ఏళ్లు అక్కడే పడి ఉంటుంది.

ఆమె అంతా విన్నది. సముద్రం వైపు నుంచి గాలి రాగానే కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె మా వీధిలోకి మొహానికి కొంగు చుట్టుకునే వచ్చేది.

వానలు వెనకబట్టాక తెచ్చిన నీళ్ల ఫలితాలు వచ్చాయి. పేరులేని వాటి మధ్య ఒకటి మనిషిది. అదీ మగవాడిది, తండ్రి నుంచి కొడుకులకు మాత్రమే దిగే ముక్క. నా పరిశోధన గైడు నవ్వేశారు. “ఎవరి చెయ్యో తగిలుంటుంది, పక్కన పడెయ్,” అన్నారు. అలా జరగడం మామూలే. నీళ్లు తోడిందీ, సీసా మూత బిగించిందీ ఆ మరిదే. కానీ ఒకే తండ్రి కొడుకులకు ఆ ముక్క ఒకేలా ఉంటుంది. తమ్ముడి చేతినుంచి రాలినా, అన్న ఒంటినుంచి నీళ్లలో కలిసినా నాకు తేడా కనిపించదు. ఆ సంగతి అప్పుడే తట్టింది. నిజంగా భయమేసింది.

మర్నాడు ఆమె వచ్చి అడిగింది. అంతా చెప్పేశాను, అన్నదమ్ముల సంగతితో సహా.

“మీ మరిది చెయ్యే తగిలుంటుందక్కా. నాకైతే అనుమానం లేదు.”

గంప అంచు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. గాజులు చప్పుడు చెయ్యలేదు.

“మా మరిది బతికే ఉన్నాడు కదా?”

“ఉన్నాడు.”

“అన్నదీ తమ్ముడిదీ ఒకటేనన్నావు.”

“అవును.”

“మరింకేటి! సముద్రం ఇచ్చింది బతికున్నోడిది. తమ్ముడు బతికున్నాడంటే, మా మావ కూడా ఉన్నట్టే. నాను ఇంట్లో ఇదే సెప్తాను.”

అలా కాదని చెప్పబోయాను. ఆమె అప్పటికే మొహం మీది కొంగు విప్పేసి, సముద్రం గాలికి ఎదురుగా నిలబడి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటోంది. దినం మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం బీచ్ రోడ్డు మీదుగా బస్సులో వస్తుంటే సముద్రం గాలి మొహానికి కొట్టింది. అరుగు మీద ఆమెకు నేను చెప్పిన మాటలే గుర్తొచ్చాయి. ఉక్కపోస్తోందని పక్కసీటు ఆవిడ విసుక్కుంటున్నా వినకుండా కిటికీ మూసేశాను.