కిటకిట డబ్బా, మామ మూడో బోరు

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం తీసేసి చదవండి. ఆ రోజుల్లో మా నిడుగల్లు పక్క చేతిలో ఏదో ఒకటి పట్టుకుని చేలో నడిచేవాడెవడైనా సరే, మాకు నీళ్ళు చూసేవాడే. అరచేతిలో టెంకాయ లేచి నిలబడితే చాలు, అక్కడ బోరు వేసేసేవాళ్ళం. అలాంటి చోటికి, మా బండల్లో అణువిద్యుత్తుకు పనికొచ్చే యురేనియం ఉందేమో చూడడానికి సర్కారు జీపులో ఒక పెద్దసారు దిగాడు. ఆయనకు మన భాష రాదు. అప్పుడే డిగ్రీ గట్టెక్కిన నేను ఆయనకు దుబాసీని. (నా ఇంగ్లీషు విన్న మొదటి రోజే ఆయన రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాడు.) ఆయన మెడలో వేలాడే, యురేనియాన్ని పసిగట్టే డబ్బా కొన్ని బండల దగ్గర కిటకిటమనేది. మా మామ చేనిగట్టున నల్లబండ దగ్గరైతే వెయ్యి బల్లులు ఒక్కసారి పలికినట్టు అరిచింది.

మామకు అప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి. కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు శనక్కాయ చేను తల వాల్చేసింది. మూడో బోరే ఆఖరి ఆశ.

"ఏమిరా అల్లుడా, ఆ డబ్బా నీళ్ళు చూపిస్తాదా?"

కాదనేవాణ్ణే. కానీ మజ్జిగ చెంబుతో నిలబడ్డ మామ కూతురు, ఆ డబ్బాను నేనే కనిపెట్టినట్టు చూస్తోంది.

"చూపిస్తాది మామా. టెంకాయ దీని ముందర యాడికి?"

మర్నాడు తెల్లారేసరికి నల్లబండ పక్కన బోరుబండి. నూరడుగులు దిగింది, దుమ్ము. ఇన్నూరు దిగింది, దుమ్మే. చూడవచ్చిన జనమంతా పిండిలో పొర్లించిన కజ్జికాయల్లా తయారయ్యారు. ఇంతలో జీపు వచ్చింది. సారు అదిరిపోయి, ఇది నీళ్ళు చూసే డబ్బా కాదు, వెంటనే ఆపమని చెప్పు అంటూ ఇంగ్లీషులో కేకలేశాడు.

"ఏమంటాండాడ్రా సారు?"

"ఇంకా యాభై అడుగులు పొమ్మంటాండాడు మామా."

"చూస్తిరాప్పా! సదువుకున్నోడంటే ఇట్లుండల్ల!"

యాభయ్యో అడుగులో నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. మామ సారును భుజాన ఎత్తుకుని చేనంతా తిప్పాడు. ఇదంతా ఎందుకని సారు పైనుంచి అడిగితే, దేశసేవ చేసినందుకని అనువదించాను. మర్నాడు పది ఊళ్ళ జనం తమ చేలకూ రమ్మని జీపు చుట్టూ మూగేసరికి, సారు తాలూకా దాటేదాకా హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

ఇందులో నేను కల్పించింది నీళ్ళు, ఆ తర్వాతదంతా. ఆ యాభై అడుగులూ దుమ్మే వచ్చింది. మామ బోరుబండి ఆపించి, తువ్వాలతో మొహం తుడుచుకుని, నా పక్కన కూలబడ్డాడు.

"స్టాప్ అంటే ఏందో నాకు తెలీదనుకొంటివేమిరా? బస్సులెక్కేవాణ్ణే గదా."

"మరి ఎందుకు పోనిస్తివి మామా?"

"నువ్వన్నా పొమ్మంటివి గదరా."

ఆ ఏడు శనక్కాయ దక్కలేదు. కూతుర్ని మాత్రం, ఏ ధైర్యంతోనో, నాకే ఇచ్చాడు. ఇప్పుడు మామ లేడు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ బోరులో నీళ్ళు తెప్పిస్తూనే ఉన్నాను. కిందటిసారి మనిషెత్తే లేచాయి.