మా అమ్మాయికి అచ్చు నేర్పిన పెద్దమ్మగారు

పై క్వార్టర్ పెద్దమ్మగారు పోయారన్న కబురు ముందు మా అమ్మాయి ఫోన్‌కే వచ్చింది. ఇన్నేళ్ళుగా కింద ఇంట్లో ఉంటున్నది నేను. ఆవిడ కొడుకు చెప్పింది మాత్రం ఇంటర్ చదివే పిల్లకు. ఏడుపు రావడానికి ముందే నాకు మనసు చురుక్కుమంది.

ఈ హిందీ నగరంలో, ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో మావి ఒకే మెట్లదారిలో పైనా కిందా ఇళ్ళు. ఆవిడది శ్రీకాకుళం వైపు. రబ్బరులా ఉండే లినో షీటు మీద ఉలితో బొమ్మ చెక్కి, రోలరుతో రంగు పూసి, బట్ట మీద అద్దేవారు. దుపట్టాలు, దిండు గలీబులు, కర్టెన్లు, ఆ ఇంట్లో ఏ బట్టనూ ఖాళీగా ఉంచేవారు కాదు. చలికాలంలో లినో బిరుసెక్కితే హాట్‌వాటర్ బ్యాగ్ మీద పెట్టి, అది మెత్తబడేదాకా మా అమ్మాయితో కబుర్లు చెప్పేవారు. తెలుగులో. నేనేమడిగినా "హాఁ మమ్మీ", "బాద్ మే" అని హిందీలోనే దాటేసే పిల్ల, పైన గలగలా తెలుగు మాట్లాడుతుంటే మెట్ల మీద నిలబడి వినేదాన్ని.

అచ్చులో అక్షరం తిరగబడుతుంది. అందుకని అక్షరాలను అద్దంలో చూపించి చెక్కించారట. వేసవి సెలవుల్లో నేను ఎంత దిద్దించినా రాని తెలుగు అక్షరాలు నా కూతురికి అలా వచ్చాయి.

ఉండబట్టలేక నేనూ నేర్చుకుంటానని వెళ్ళాను. నేను చెక్కిన మామిడి పిందె చూసి, "బాగుందమ్మా" అన్నారు మర్యాదగా. మా అమ్మాయిని మాత్రం కసురుకున్నారు.

"ఏటే తల్లీ, అంత కంగారేటి? ఎక్కువ తీసేస్తే మళ్ళీ అతుకుతాదా?"

ఆ కసురు నాకు దక్కలేదే అనిపించింది.

ఒకరోజు పిల్ల కిందికి వెళ్ళాక అడిగారు.

"నా మీద కోపమేటమ్మా?"

"అయ్యో, లేదండీ."

"ఉంటాదిలే. మా పెద్దది ఘాజియాబాద్‌లో అత్తగారి దగ్గర వంట నేర్సుకుంది. నా చేతి పులుసు దానికిప్పుడు ఆనదు. ఆవిడని చూస్తే ఇప్పటికీ నాకు మంటే."

ఇద్దరం నవ్వుకున్నాం. మంట పోలేదు గానీ, ఆవిడ నాకూ దగ్గరయ్యారు.

కర్మకాండలు అయ్యాక ఆవిడ కొడుకు ఉలులు, రోలరు తెచ్చి మా అమ్మాయికే ఇచ్చాడు. నన్నెవరూ అడగలేదు. నా పిల్లకు అంత ఓపిగ్గా నేర్పిన మనిషికి చేతులెత్తి దండం పెడతాను. అసూయ లేదని మాత్రం అనలేను.

నిన్న బాల్కనీలో మా అమ్మాయి తెల్లటి మల్లు బట్ట పరిచి పిచ్చుకలు అద్దుతోంది. "నన్ను పట్టుకోమంటావా?" అన్నాను. "నహీఁ మమ్మీ, హో గయా" అంది, అయిపోయిందని. అంచులు రెండూ పట్టుకుని బట్టను ఎండకు ఎత్తింది. తడి ఆరని నీలిరంగు పిచ్చుకల వెనుక దాని ముఖం నాకు కనిపించలేదు.