గోడ మీది సీసాలు

పక్కింటి ఇంజనీరు గారు పోయారని ఆమధ్య ఒకరోజు పొద్దున్నే పాలవాడు చెబితే, "పరాచికాలాడకు" అని కసిరాను. మా కొండాపూర్ వీధిలో ఉత్తుత్తి కబుర్లు పుట్టించే హక్కు నా ఒక్కడిదే మరి. వాడు నవ్వలేదు. గుండెపోటట. దవాఖాన దాకా కూడా పోలేకపోయారు.

కోస్తా మనిషి. నేల కోత ఆపే సర్కారు శాఖలో కొలువు. గుట్ట వాలు, మట్టి రకం, కురిసే వాన అన్నీ కంప్యూటరులో నింపి, నీళ్ళు ఎటు దూకుతాయో, ఎక్కడి మట్టిని ఊడ్చుకుపోతాయో లెక్క తీసేవారు. దాన్ని మోడల్ అనేవారు. ఆ లెక్క నిజమో కాదో తేల్చుకోవడానికి, వాన పడ్డప్పుడల్లా గొడుగేసుకుని, మా వీధి వెనక గుట్ట మీంచి మోరీలోకి పారే నీళ్ళు గాజు సీసాలో పట్టి, మా రెండిళ్ళ మధ్య ప్రహరీ మీద పెట్టేవారు. అడుగున దిగిన మట్టిని స్కేలుతో కొలిచేవారు.

"ఏంది సార్, బురదతోని ఆవకాయ పెడ్తున్నరా?" అనేవాణ్ణి.

"అవునండి. కారం సంగతి ముందుముందు తెలుస్తుంది."

ఒకసారి సీసాలో గుప్పెడు ఇటుక పొడి కలిపాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "మన గుట్టకి ఇటుకలు కాయవండి" అని, సీసా కడిగి నా చేతికే ఇచ్చారు. "ఈసారి మీరు పట్టండి." అప్పటినుంచి ఆ గొడుగు కింద ఇద్దరం.

ఇంతలో ఆఫీసుల కోసం గుట్టను చదును చేయడం మొదలైంది. వాలుకు అడ్డంగా పాత రాతికట్ట ఒకటుండేది. అది తీస్తే మట్టంతా మా వీధి మీదికేనని మోడల్ చెప్పింది. తెరమీద మా ఇళ్ళ వరస ఎర్రగా కనిపించింది. కట్టను ఉంచమని అడగడానికి ఆయన గుట్టెక్కితే, నేనూ వెంట నడిచాను.

"ఫికర్ ఎందుకు సార్? పచ్చగ లాన్ ఏస్తం," అన్నాడు కాంట్రాక్టరు.

"లాన్ వేరు వేలెడు లోతండి. వాన అంతకంటే లోతు తవ్వుతుంది."

"కంప్యూటర్ చెప్పిందా?"

"చెప్పిందండి. సీసాలు కూడా ఒప్పుకున్నాయి."

కాంట్రాక్టరు పగలబడి నవ్వాడు. దిగి వస్తూ ఆయన ఒక్కటే మాటన్నారు: "వాలుకు అబద్ధం చెప్పడం రాదండి."

ఆయన పోయి వారం తిరక్కుండానే బుల్డోజరు కట్టను తీసేసింది.

నిన్న తొలకరి. పెద్ద వానేం కాదు. సీసా నింపి ప్రహరీ మీద పెట్టాను. ఆయనుండగా అడుగున వేలెడు మట్టి దిగేది. ఇవాళ పొద్దున చూస్తే సగం దాటింది.

"ఎంత దిగిందండీ?" కిటికీలోంచి ఆయన భార్య అడిగారు.

అబద్ధాలకు పెట్టింది పేరు నేను. ఈసారి మాత్రం ఉన్నదున్నట్టు సీసా ఎత్తి చూపించాను. పైన తేరిన నీళ్ళలోంచి గుట్ట తలకిందులుగా కనిపిస్తోంది. దాని మీద మళ్ళీ మబ్బు పడుతోంది.