బెంచీ మర్యాదలు

మా ఇంట్లో బెంచీ అనే మాటకు ఎప్పుడూ మంచి పేరు లేదు. బడిలో లెక్క తప్పితే మాస్టారు బెంచీ ఎక్కమనేవారు. మనం ఎక్కితే పరువు దిగేది. ఆసుపత్రిలో బెంచీ అంటే మన వంతు రాని చోటు. టీ కొట్టు ముందు బెంచీ అంటే పనిలేనివాళ్ళు దేశాన్ని పాలించే చోటు. అందుకే తొంభైల చివర్లో నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి, "ప్రస్తుతం బెంచీ మీదున్నానమ్మా" అని చెప్పగానే మా అమ్మ ముఖం మాడిపోయింది.

"ఇంత చదివించింది కుర్చీ కూడా ఇవ్వని ఆఫీసులో చేరడానికా?" అంది.

కుర్చీ ఇచ్చారు. ఇవ్వనిది పని. చేతిలో ప్రాజెక్టు లేని ఉద్యోగి బెంచీ మీద ఉన్నట్టు లెక్క. ఆటలోకి దిగకుండా పక్కన కూర్చునే ఆటగాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న మాట అది. రోజూ కూకట్‌పల్లి నుంచి బస్సులో నలిగి వెళ్ళి, సంతకం పెట్టి, సాయంత్రం దాకా ఒక గదిలో కూర్చోవడమే నా ఉద్యోగం. మరీ ఎక్కువ కాలం కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి, రాజీనామా రాసిచ్చి వెళ్ళమనేవారు. అందరికంటే ఎక్కువ కాలంగా కూర్చున్నది నేనే.

కంపెనీ విజిటింగ్ కార్డు మీద హైటెక్ సిటీ అని ఉండేది. ఆఫీసు మాత్రం కొత్తగూడలో, సిమెంటు కొట్టు పైన. కిటికీ తెరిస్తే బండరాళ్ళు, దుమ్ము, చాలా దూరంగా ఒక అద్దాల మేడ. ఆ మేడ మా కిటికీలోంచి కనిపించేది కాబట్టి కార్డు మీద ఉన్నది పూర్తిగా అబద్ధమని అనలేం.

ఒకరోజు మా హెచ్చార్ సారు బెంచీవాళ్ళందరినీ సమావేశపరిచారు. గోదావరి వైపు మనిషి. ఉద్యోగం పీకేటప్పుడు కూడా 'అండి' వదిలేవారు కాదు.

"బెంచీ అంటే చిన్నచూపు వద్దండి. హైకోర్టులో జడ్జీలు కూర్చునేదాన్ని ఏమంటారండి? బెంచీయే కదండి. పూర్వం ఇటలీలో డబ్బులు మార్చే వ్యాపారులు బజార్లో బెంచీ వేసుకుని కూర్చునేవారండి. బ్యాంకు అన్న మాట అలా పుట్టిందండి. పెద్ద విందుని బాంక్వెట్ అంటారు చూశారా, అదీ బెంచీ బిడ్డేనండి."

నా పక్కన కూర్చునే మెదక్ కుర్రవాడు లేచి వినయంగా అడిగాడు. "ఆ వ్యాపారి మునిగిపోతె బెంచీని ఏం జేసెటోళ్లు సార్?"

"విరగ్గొట్టేవారంటండి. దివాలాకి బ్యాంక్‌రప్ట్ అన్న ఇంగ్లీషు మాట అక్కణ్ణించే..." అని, తన మాట ఎటు పోతోందో తెలుసుకుని సారు దగ్గారు. జడ్జీ బెంచీ మీద కూర్చుని ఇతరుల గతి తేలుస్తాడని, మేం బెంచీ మీద కూర్చుంటే మా గతి ఇతరులు తేలుస్తారని, ఆ చిన్న తేడా ఆయన చెప్పలేదు.

అప్పుడే ఒక అమెరికా క్లయింటు వస్తున్నాడని తెలిసింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయనీ, రెండువేలు రాగానే కంప్యూటర్లు పిచ్చెత్తుతాయనీ లోకమంతా బెంగపడుతున్న రోజులు. ఆ ప్రోగ్రాములు చాలావరకు కోబాల్ అనే పాత కంప్యూటరు భాషలో ఉండేవి. మా గదిలో కోబాల్ గట్టిగా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అంతకుముందు ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆ పనే చేశాను. ఈ ప్రాజెక్టులో చోటు దొరక్కపోతే నా చేత రాజీనామా రాయిస్తారని నాకు బాగా తెలుసు.

సారు ఏర్పాట్లు చెప్పారు. బెంచీవాళ్ళంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, పెద్ద బృందం పనిలో మునిగి ఉన్నట్టు టైపు చేస్తూ ఉండాలి. తరవాత నా వైపు తిరిగారు.

"మీరు పట్టుచీర కట్టుకు రండమ్మా. గుమ్మం దగ్గర హారతిచ్చి బొట్టు పెట్టాలి. ముఖంలో కళ ఉండాలి కదండి."

"నాకు కోబాల్ వచ్చు సార్. లోపల కూర్చుంటాను."

"కోబాల్ ఎక్కడికి పోతుందమ్మా? ప్రాజెక్టు వస్తే మొదటి పేరు మీదేనండి."

అమ్మ సంబరంగా తన పెళ్ళినాటి చీర తీసి ఇచ్చింది. ఇన్నాళ్ళకు ఆఫీసువాళ్ళు నన్ను గుర్తించారనుకుంది. అమెరికా ఆయన చెమటలు కక్కుతూ మెట్లెక్కాడు. హారతిచ్చాను, బొట్టు పెట్టాను. అది కరిగి ముక్కు దాకా వచ్చింది. పాపం, గౌరవంగా భరించాడు. లోపలికి వెళ్ళి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపాడు. కంప్యూటరులో పేకాట ఆడుతున్న మెదక్ కుర్రవాడు కంగారుగా తెర మార్చి, టెస్టింగ్ చేస్తున్నానన్నాడట.

ప్రాజెక్టు వచ్చింది. తాను చూసిన బృందమే పని చేయాలని క్లయింటు షరతు పెట్టాడు. పేర్లు ప్రకటించారు. నా పేరు లేదు.

"ఎలా పెట్టనమ్మా? ఆయన మిమ్మల్ని రిసెప్షనిస్టు అనుకున్నాడండి. ఇప్పుడు ప్రోగ్రామరని చెబితే మన మాట మీద నమ్మకం పోదా అండి?" అన్నారు సారు.

నాకు పని వచ్చన్న ఒక్క నిజం బయటికొస్తే కంపెనీ నిజాయితీ దెబ్బతింటుందట. ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళే బస్సులో నలుగురి మధ్యా ఏడ్చాను.

మర్నాడు మెదక్ కుర్రవాడు ఒక ప్రోగ్రాం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "నీకొచ్చినంత నాకు రాదక్కా. గని ఆయన నా మొకం జూసిండు. ఇగ నేనేం జేస్త? జర చెప్పవా" అన్నాడు. చెప్పాను. వాడి మీద కోపం రాలేదు.

హారతి పళ్ళేనికి మనిషి కావాలనేమో, నా చేత రాజీనామా మాత్రం రాయించలేదు. ఇంకొన్నాళ్ళకు మరో క్లయింటు వస్తున్నాడన్నారు. "ఈసారి ఆకుపచ్చ చీరైతే బాగుంటుందమ్మా" అన్నారు సారు. సరేనని తలూపాను.

ఆ రోజు నూలు చుడీదారు వేసుకుని అందరికంటే ముందే ఆఫీసుకు వెళ్ళాను. గుమ్మానికి దగ్గరగా ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని కోబాల్ ప్రోగ్రాం తెరిచాను. సారు హారతి పళ్ళెంతో వచ్చి నన్ను చూసి నిలబడిపోయారు.

"ఇదేంటమ్మా? ఇది ఎవరు పట్టుకుంటారు?"

"మీరే పట్టుకోండి సార్. నాకు పనుంది."

కింద కారు ఆగిన చప్పుడైంది. సారు అటూ ఇటూ చూసి, కర్పూరం తనే వెలిగించుకుని గుమ్మంలోకి వెళ్ళారు. నుదుట బొట్టుతో లోపలికొచ్చిన క్లయింటు మొట్టమొదట నా ముఖమే చూశాడు.